అవధాన పరిభాషలో క్రీడాకాఠిన్యం: 'ది క్రిమ్సన్ కోర్ట్' విస్తరణపై క్రీడాకారుల అభిప్రాయాలు – ప్రొద్దుటూరు సంప్రదాయ నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు సాహిత్య విమర్శలో కాఠిన్యం అనే మాట ప్రశంసగానూ నిందగానూ ప్రయుక్తమైంది. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్న విభాగంలో నారికేళం తక్కువ స్థాయిది కాదు. చిప్ప పగలగొట్టినవాడికి లోపల నీరు దొరుకుతుందన్న హామీ ఆ పేరులోనే ఉన్నది. హామీ నెరవేరని చోట పాఠకులు పాషాణపాకమని మరొక పేరు పెట్టుకున్నారు. అయితే ఈ చర్చ అంతా చదివి అర్థం చేసుకునేవాడికి ఎదురయ్యే కాఠిన్యం గురించినది. ఒకరు అడ్డంకి పెట్టగా మరొకరు దానిని అప్పటికప్పుడు దాటవలసి వచ్చే కాఠిన్యం వేరు. దానిని క్రీడాకాఠిన్యం అనవచ్చు. తెలుగులో దానికి అవధానం ప్రధాన స్థానం. అవధానంపై వచ్చిన రచనల్లో అవధానుల ప్రతిభను కీర్తించేవి చాలా ఉన్నాయి. అడ్డంకి స్వభావాన్ని విచారించినవి తక్కువ.

వీడియో గేమ్‌ల విషయంలో పరిస్థితి దీనికి తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ చర్చ అంతా అడ్డంకి గురించే. ఒక ఆట ఎంత కష్టం, ఆ కష్టం న్యాయమైనదా, ఎవరికి తగినది అన్న ప్రశ్నలపై క్రీడాకారులు విస్తారంగా వాదించుకుంటారు. ఆ వాదాలకు తగిన పరిభాష మాత్రం వారి దగ్గర తక్కువ. 'కష్టం', 'అన్యాయం', 'విసుగు' అనే మూడు మాటలు ఒకదాని స్థానంలో మరొకటి వాడుకలోకి వస్తాయి. అవధాన సంప్రదాయం సమకూర్చుకున్న పరిభాష ఈ అభిప్రాయాలను విడదీసి చూడటానికి ఎంతవరకు పనికివస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలనకు తీసుకున్న ఆట 'డార్కెస్ట్ డంజన్'. అందులోనూ 2017లో వెలువడిన 'ది క్రిమ్సన్ కోర్ట్' అనే విస్తరణ. అవధానం వైపు నుంచి తీసుకున్నది ప్రొద్దుటూరు సంప్రదాయం.

ఎనిమిది నుంచి నూరు

ప్రొద్దుటూరును ఎంచుకోవడానికి కారణం ఉన్నది. దుర్భాక రాజశేఖర శతావధాని (1888–1957) జమ్మలమడుగులో జన్మించారు. గడియారం వేంకటశేషశాస్త్రి (1894–1980) జమ్మలమడుగు ప్రాంతంలోని నెమళ్లదిన్నెలో జన్మించారు. ఇద్దరికీ ప్రొద్దుటూరు కార్యక్షేత్రమైంది. 1920ల దశకంలో వీరు జంటగా రాజశేఖర వేంకటశేషకవులన్న పేరుతో అవధానాలు చేశారు. తరువాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని అదే పట్టణంలో ఉండి అవధానాలు చేయడమే కాక, అవధాన విద్య ఆరంభ వికాసాలపై పరిశోధన గ్రంథం రచించారు. నరాల రామారెడ్డి అష్టావధానిగా ప్రసిద్ధులు. ఒకే పట్టణంలో క్రీడాకారుడూ, ఆ క్రీడను శాస్త్రంగా విచారించినవాడూ ఒక్కరే కావడం సుబ్బన్న విషయంలో గమనించదగినది. ఆట ఆడినవాడి అభిప్రాయానికి విమర్శలో ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్నకు అది ఒక సమాధానం కూడా.

అష్టావధానం శతావధానంగా విస్తరించినప్పుడు మారేది సంఖ్య మాత్రమేనని సభకు కొత్తగా వచ్చినవారు భావిస్తారు. అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఉన్నది. అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాతి అక్షరంగా ఏది రాకూడదో పృచ్ఛకుడు నిషేధిస్తాడు. ఊహించిన పదం ప్రతి అడుగులోనూ తెగిపోతుంది. సమస్య, దత్తపది, వర్ణన, న్యస్తాక్షరి, ఆశువు, పురాణపఠనం, అప్రస్తుత ప్రసంగం, ఘంటాగణనం వంటి అంశాలు సభను బట్టి మారుతూ చేరుతాయి. ఇక్కడి కష్టం వైవిధ్యం నుంచి పుడుతుంది. ఎనిమిది పనులు ఎనిమిది జాతులకు చెందినవి. గంటలు లెక్కపెట్టే మనస్సు, హాస్యానికి హాస్యంతో జవాబు చెప్పే మనస్సు, నిషేధాన్ని తప్పించుకునే మనస్సు ఒకే శరీరంలో ఉండాలి.

శతావధానంలో ఈ వైవిధ్యం తగ్గుతుంది. సాధారణంగా సమస్యలు, దత్తపదులు, వర్ణనలు, ఆశువులు అని పాతికేసి చొప్పున విభజించుకునే పద్ధతి ఉన్నది. ఆశువులు అక్కడికక్కడే పూర్తవుతాయి కనుక ధారణలోకి రావు. మిగిలిన 75 పద్యాలు నాలుగు ఆవృత్తులలో, ఆవృత్తికి ఒక పాదం చొప్పున నడుస్తాయి. ఒక పృచ్ఛకుడికి మొదటి పాదం చెప్పిన తరువాత రెండవ పాదానికి తిరిగి వచ్చేలోపు మరి 74 మందికి పాదాలు చెప్పవలసి ఉంటుంది. అన్నీ ముగిసిన తరువాత 300 పాదాలను వరుసగా అప్పజెప్పాలి. అంటే విస్తరణలో ఒక్కొక్క అడ్డంకి కఠినం కాలేదు. నిషిద్ధాక్షరితో పోలిస్తే వర్ణన సులభం. పెరిగింది ధారణాభారం. అది ఏ ఒక్క అంశానికీ చెందదు, అన్ని అంశాలపైనా పరుచుకుంటుంది. అష్టావధానంలో సమస్య పూరించేటప్పుడు అవధాని దృష్టి ప్రధానంగా సమస్యపై ఉంటే చాలు. శతావధానంలో ఏ పద్యం చెబుతున్నా మిగిలిన పద్యాల బరువు దానిపై ఉంటుంది.

ఈ భేదాన్ని రెండు మాటలలో పెట్టుకోవచ్చు. ఎదుట నిలిచి దాటమనేది స్థానికకాఠిన్యం. వెంట వచ్చి ప్రతి పనిపైనా కూర్చునేది భారకాఠిన్యం. నిషిద్ధాక్షరి మొదటిదానికి, ధారణ రెండవదానికి ఉదాహరణలు. క్రిమ్సన్ కోర్ట్‌పై వచ్చే ఫిర్యాదులలో అధికభాగం ఈ రెండింటినీ కలగలిపినందువల్ల పుట్టినవే.

ఆట, దాని విస్తరణ

డార్కెస్ట్ డంజన్‌ను కెనడాలోని వాంకూవర్ నగరానికి చెందిన రెడ్ హుక్ స్టూడియోస్ రూపొందించింది. 2015లో అసంపూర్ణ రూపంలోనే క్రీడాకారుల చేతికి వచ్చి, 2016 జనవరిలో పూర్తి రూపం పొందింది. ఇది గాథిక్ పద్ధతిలో సాగే పాత్రధారణ క్రీడ. గాథిక్ అన్నది హోరేస్ వాల్పోల్ 1764లో వెలువరించిన 'ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో' నవలతో ఆంగ్ల సాహిత్యంలో స్థిరపడిన ధోరణి. శిథిలభవనం, పూర్వీకుల పాపం, దానిని మోయవలసిన వారసుడు ఈ ధోరణికి ప్రాణం. (పాత్రధారణలోని ధారణా, అవధానంలోని ధారణా ఒకే ధాతువు నుంచి వచ్చినవి కావడం యాదృచ్ఛికమే అయినా, రెండుచోట్లా మోయడమన్న అర్థం నిలిచి ఉన్నది.)

కథ స్థూలంగా ఇది: ఒక పూర్వీకుడు తన సంపదనంతా నిషిద్ధ అన్వేషణలకు వెచ్చించి, కుటుంబ భవనం కింద నిద్రాణమై ఉన్న దుష్టశక్తిని మేల్కొలిపాడు. చనిపోతూ వారసుడికి లేఖ రాశాడు. క్రీడాకారుడే ఆ వారసుడు. అతడు స్వయంగా కత్తి పట్టడు. కిరాయికి వచ్చిన వీరులను నలుగురేసి చొప్పున శిథిలాలలోకి పంపుతాడు. వారికి గాయాలతోపాటు మానసిక ఒత్తిడి కూడా లెక్కకు వస్తుంది. ఒత్తిడి 100కు చేరితే వీరుడి మనస్సు పరీక్షకు గురవుతుంది. చాలాసార్లు అతడు భయంతోనో స్వార్థంతోనో చెడిపోతాడు, అరుదుగా ధీరుడవుతాడు. 200కు చేరితే గుండె ఆగే స్థితి వస్తుంది. చనిపోయిన వీరుడు తిరిగి రాడు. జరిగినదాన్ని వెనక్కి తిప్పి మళ్లీ ఆడే వీలును ఆట ఇవ్వదు.

క్రిమ్సన్ కోర్ట్ ఈ నిర్మాణానికి ఒక కొత్త ప్రదేశాన్ని చేర్చింది. రక్తం తాగే కీటకాలుగా మారిపోయిన ప్రభువర్గం ఉండే ఉద్యానభవనం అది. అక్కడి యాత్రలు మూలక్రీడలోని యాత్రల కంటే చాలా పొడవైనవి, దారులు చిక్కుదారులు. బారన్, వైకౌంట్, కౌంటెస్ అనే ముగ్గురు ప్రధాన ప్రత్యర్థులు. విస్తరణ ఇంతటితో ఆగివుంటే అది ఒక కొత్త గది మాత్రమే అయ్యేది. దానితోపాటు 'క్రిమ్సన్ కర్స్' అనే రక్తశాపం వచ్చింది. ఆ ప్రభువుల కాటుకు గురైన వీరుడికి రక్తదాహం అంటుకుంటుంది. అతడికి 'రక్తం' అనే వస్తువును ఎప్పటికప్పుడు సమకూర్చాలి. దొరక్కపోతే క్షీణించి మరణిస్తాడు. ఒక దశలో దాహం అతడికి ఉద్ధృతమైన బలాన్ని కూడా ఇస్తుంది. శాపం ఉద్యానభవనంలో ఉండిపోదు. రక్తపాయులు క్రమంగా తక్కిన శిథిలాలలోనూ కనిపిస్తాయి. శాపగ్రస్తులున్న బృందాన్ని వేటాడే ఒక మతోన్మాది కూడా దారిలో ఎదురవుతాడు. ముగ్గురు ప్రభువులలో ఒకరిని సంహరించినప్పుడు అప్పటికి శాపం సోకిన వీరులందరూ విముక్తులవుతారు.

అభిప్రాయాల విచారణ

ఈ విస్తరణపై క్రీడాకారులు తరచుగా వెలిబుచ్చే అభిప్రాయాలు ప్రధానంగా నాలుగు. ఉద్యానభవనపు యాత్రలు మితిమీరి పొడవుగా ఉన్నాయన్నది మొదటిది. రక్తశాపం ఆట మొత్తాన్ని ఒక సరఫరా పనిగా మార్చివేసిందన్నది రెండవది. తొలిసారి ఆడేవారు ఈ విస్తరణను చేర్చుకోకూడదన్నది మూడవది. ఇది ఫిర్యాదు కంటే హితవు. ఈ కష్టమే ఆటకు పూర్ణత్వమనీ, దీనిని దాటనివారు ఆటను నిజంగా ఆడినట్లు కాదనీ నాలుగవది.

మొదటి అభిప్రాయం న్యాయమైనది. అవధాన దృష్టితో చూస్తే పొడవు కాఠిన్యం కాదు. శతావధానం రోజుల తరబడి సాగుతుంది. కానీ అక్కడ ప్రతి పృచ్ఛకుడూ కొత్త వస్తువును తెస్తాడు. నూరుమందీ ఒకే సమస్య ఇస్తే అది శతావధానం అనిపించుకోదు. ఉద్యానభవనంలో క్రీడాకారుడు మూసిన తలుపులకు తాళంచెవులు వెతుకుతూ ఒకే రకం ప్రత్యర్థులను మళ్లీ మళ్లీ ఎదుర్కొంటాడు. ఆ పునరావృత్తిలో నేర్చుకోవలసినది త్వరగానే అయిపోతుంది, నడక మాత్రం మిగులుతుంది. దీనిని సమర్థించేవారు సుదీర్ఘత భయానకాన్ని పోషిస్తుందని వాదిస్తారు. భయం పునరుక్తితో పెరగదు. మూడవసారి వచ్చిన దయ్యం ఇంటి మనిషి అవుతుంది.

రెండవ అభిప్రాయం ఎక్కువమంది చెప్పేదే కాని, ఎక్కువ పొరపాటు పడేది కూడా అదే. రక్తశాపం గురించి ఫిర్యాదు చేసేవారు దానిని ఒక శత్రువుగా భావించి, ఆ శత్రువును ఎక్కడ ఎదుర్కోవాలో తెలియడం లేదంటారు. అది శత్రువు కాదు, భారం. స్థానికకాఠిన్యాన్ని నైపుణ్యంతో దాటవచ్చు. భారకాఠిన్యాన్ని దాటడమంటూ ఉండదు, ఏర్పాటుతో మోయడమే. ఎవరిని పంపాలి, ఎవరిని విశ్రాంతిలో ఉంచాలి, ఉన్న రక్తాన్ని ఎవరికి ఇవ్వాలి అన్న నిర్ణయాలు యాత్రకు ముందే, ఊరిలో, ప్రశాంతంగా జరగాలి. శతావధాని తన పద్యాలకు ఆధారసూత్రాలు ఏర్పరచుకునేది మొదటి ఆవృత్తిలోనే తప్ప ధారణ మొదలైన తరువాత కాదు. పృచ్ఛకుడి ముఖం, అతడు కూర్చున్న చోటు, ఇచ్చిన వస్తువులో విలక్షణమైన ఒక మాట, ఎత్తుకున్న వృత్తం ఇలాంటివే పట్టుకొమ్మలవుతాయి. రక్తశాపాన్ని చక్కగా మోసిన క్రీడాకారుల అనుభవమూ ఇటువంటిదే. శాపగ్రస్తులను ఒక బృందంగా కూర్చి, మిగిలినవారిని వేరుగా ఉంచినవారికి విస్తరణ అంత దుర్భరంగా తోచదు. మూలక్రీడ నేర్పిన అలవాట్లతోనే కొత్త భారాన్ని మోయబోయినవారికి అది సరఫరా పనిగా కనిపించింది.

అయినా ఈ ఫిర్యాదులో ఒక సత్యాంశం లేకపోలేదు. ధారణలో అవధాని మోసేది తాను సృష్టించిన పద్యాలనే. భారం పెరిగేకొద్దీ పద్యసంపద కూడా పెరుగుతుంది. రక్తశాపంలో మోసేది క్షయాన్ని. వీరుడికి రక్తం ఇచ్చినందువల్ల కొత్తగా ఏదీ నిర్మితం కాదు, వీరుడు ఉన్నచోట ఉంటాడు. క్రీడాకారుల విసుగుకు అసలు మూలం ఇక్కడ ఉన్నది. కష్టం ఎక్కువైందని వారు చెబుతున్నారు గాని, వారు బాధపడుతున్నది కష్టానికి ఫలం కనిపించనందుకు.

మూడవ అభిప్రాయం అధికారిభేదానికి సంబంధించినది. శాస్త్రగ్రంథాలు అనుబంధ చతుష్టయంలో అధికారిని ముందే నిర్దేశించుకుంటాయి. అష్టావధానాలు చేసి నిలదొక్కుకున్న తరువాతనే శతావధానానికి పూనుకోవడం ఆనవాయితీ. క్రిమ్సన్ కోర్ట్‌లో చేర్చుకోవాలా వద్దా అన్న ఎంపిక క్రీడాకారుడిదే కనుక కొత్తవారికి అనుభవజ్ఞులు చేసే హెచ్చరిక ఉపకారమే. చిక్కు ఎక్కడంటే, విస్తరణ మూలక్రీడ ముగిసిన తరువాత మొదలయ్యే ఉత్తరకాండ కాదు. మొదటి నుంచి మూలకథలో అల్లుకుని సాగేది. అధికారి కానివాడు దానిని పక్కన పెట్టాడంటే, అధికారి అయిన తరువాత ఆ అల్లికను మొదటి నుంచీ చూడాలనుకుంటే మరొకసారి ఆడవలసిందే. మళ్లీ ఆడే తీరిక అందరికీ ఉండదు. ఈ ఒక్క విషయంలో హితవు చెప్పేవారి ఔదార్యం కొంత చులకనగా వినిపిస్తుంది.

ఇక నాలుగవది. కాఠిన్యాన్ని దాటడమే ఘనతగా భావించే ఈ ధోరణి తెలుగువారికి కొత్త కాదు. శతావధానం, సహస్రావధానం, ద్విసహస్రావధానం అని సంఖ్యలు పెరుగుతూ వచ్చిన క్రమంలో పద్యం ఎలా ఉందన్న ప్రశ్న కంటే ఎన్ని పద్యాలన్న ప్రశ్న ముందుకు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. సంఖ్యను తృణీకరించవలసిన పని లేదు. అంత ధారణ మానవశక్తికి గొప్ప నిదర్శనమే. కానీ ఆనందవర్ధనుడు చిత్రకవిత్వాన్ని కావ్యానుకరణంగానే ఎంచాడు. నిర్మాణ దుష్కరత్వం స్వయంగా రసహేతువు కాదన్నది ఆయన స్పష్టంగా పట్టుకున్న విషయం. నాలుగవ అభిప్రాయం చెప్పే క్రీడాకారులు తమ ఓర్పును ఆట గుణంగా భ్రమిస్తున్నారు. ప్రొద్దుటూరులోనే దీనికి ప్రత్యుదాహరణ ఉన్నది. పుట్టపర్తి నారాయణాచార్యుల శివతాండవం ఆ ఊరి అగస్త్యేశ్వరాలయంలో రూపుదిద్దుకున్నదని ప్రసిద్ధి. ఉద్ధృతిలో దానికి సాటి రచనలు తక్కువ. దాని ఉద్ధృతికి మూలం లయ. పాఠకుడిని ఎక్కడా అడ్డగించకుండానే అది ఊపివేస్తుంది.

పూరణ ఎవరి దగ్గర ఉన్నది?

కాఠిన్యం న్యాయమైనదా అన్న ప్రశ్నకు అవధానంలో ఒక పాత మర్యాద సమాధానం ఇస్తుంది. సమస్య ఇచ్చే పృచ్ఛకుడి దగ్గర తన పూరణ ఒకటి సిద్ధంగా ఉండాలి. పైకి అసంగతంగా, కొన్నిసార్లు అశ్లీలంగా కూడా కనిపించే పాదానికి సంగతమైన అర్థం ఒకటి ఉన్నదని పృచ్ఛకుడు ముందే ఎరిగి ఉండాలి. లేనిపక్షంలో అతడు అడుగుతున్నది ప్రశ్న కాదు. అవధాని చేసే పూరణ పృచ్ఛకుడి పూరణ కంటే భిన్నంగా, మిన్నగా ఉండవచ్చు. అప్పుడు సభకు ఆనందం రెట్టింపవుతుంది. ఒక పూరణైనా సాధ్యమన్న పూచీ మాత్రం అడిగినవాడిది.

ఈ మర్యాదను రెడ్ హుక్ ఎంతవరకు పాటించింది? 2015లో, ఆట ఇంకా నిర్మాణదశలో ఉండగా, ఒక తగాదా జరిగింది. చంపిన ప్రత్యర్థుల శవాలు రంగంమీదనే మిగిలి, వెనుక వరుసలోని వారిని చేరుకోవడానికి అడ్డుపడే విధంగా నియమం మార్చారు. ఒత్తిడి వల్ల గుండె ఆగే నియమం కూడా ఆ రోజులలోనే చేరింది. అప్పటికే ఆటకు అలవాటుపడిన క్రీడాకారులు తీవ్రంగా నిరసించారు. నిర్మాతలు నియమాలను ఉపసంహరించుకోలేదు; ఇష్టం లేనివారు వాటిని ఆపివేసుకునే వీలు కల్పించారు. శవాల నియమానికి నిర్మాతల దగ్గర పూరణ ఉన్నది. అది వెనుక వరుసను సులువుగా కూల్చే ఒకే ఒక ఎత్తుగడపై ఆధారపడకుండా చేసింది. కానీ ఆ పూరణను ముందుగా చూపలేదు. పృచ్ఛకుడు సభామధ్యంలో ఛందస్సు మార్చమన్నట్లు అయింది.

ఆపివేసుకునే వీలు కల్పించడం మీద క్రీడాకారులలో ఇప్పటికీ రెండు మాటలు ఉన్నాయి. రచయిత తన నియమంపై నిలబడకపోతే ఆ నియమానికి అర్థమేమున్నదని కొందరంటారు. అవధానసభలో సంచాలకుడి స్థానాన్ని గుర్తుచేసుకుంటే ఈ ఆక్షేపణ నిలవదు. పృచ్ఛకుడు మితిమీరినప్పుడు సంచాలకుడు వారిస్తాడు, వస్తువును సవరింపజేస్తాడు, అప్రస్తుత ప్రసంగి అల్లరిని అదుపులో పెడతాడు. దానివల్ల అవధానం తక్కువది కాలేదు. వీడియో గేమ్‌లో పృచ్ఛకుడు దూరంగా ఉంటాడు, సంచాలకుడు ఉండడు. నియమాన్ని సడలించుకునే మీట ఆ లేని సంచాలకుడి స్థానంలో ఉన్నది. అయితే సంచాలకుడు మూడవ వ్యక్తి. మీట క్రీడాకారుడి చేతిలోనిది. తనకు తానే సంచాలకుడైనవాడు తన ఓటమిని, తన సడలింపును తానే తూచుకోవాలి. ఈ ఏకాంతం అవధానికి లేదు.

స్వదుఃఖమూ రసమూ

అభినవగుప్తుడు రసవిఘ్నాలను ఏడుగా లెక్కించాడు. స్వీయ సుఖదుఃఖాలకు వశమైపోవడం వాటిలో ఒకటి. తన కష్టంలో మునిగినవాడికి నాటకం రుచించదు. క్రీడాకాఠిన్యాన్ని గురించిన విచారణకు ఇంతకంటే ముఖ్యమైన సూత్రం లేదు. నలభై యాత్రలు చేసి పెంచుకున్న వీరుడు రక్తం దొరక్క చనిపోయినప్పుడు క్రీడాకారుడు పడేది శోకమా, కరుణరసమా? అది పాత్ర కోసం పడిన బాధలా కనిపించే సొంత నష్టం. సాధారణీకరణ అక్కడ ముక్కలవుతుంది. అవధానంలో సభాసదుడికి ఈ ఇబ్బంది లేదు. అవధాని తడబడితే సభ ఊపిరి బిగపడుతుంది గాని, నష్టపోయేది సభ కాదు. కనుక అవధానపు ఉత్కంఠను రసదృష్టితో ఆస్వాదించగలవాడు సభాసదుడు. అవధానికీ పృచ్ఛకుడికీ ఆ అవకాశం ఆ క్షణంలో తక్కువ. వీడియో గేమ్‌లో ఇద్దరినీ ఒక్కడిగా చేశారు. ఆడేవాడే చూసేవాడు.

అందువల్ల క్రీడాకారుల అభిప్రాయాలలో ఒక ముఖ్యమైన లోపం ఏర్పడింది. క్రిమ్సన్ కోర్ట్ దేని గురించిన కథ అన్న విషయం వారి చర్చలో వెనుకబడిపోయింది. తరతరాలుగా ఇతరుల రక్తంపై బతికిన ప్రభువర్గం చివరకు అక్షరాలా రక్తం తాగే కీటకాలైంది. వారసుడు ఆ పాపాన్ని తుడిచేందుకు వచ్చి, తన కింద పనిచేసేవారికి రక్తం సమకూర్చే స్థితికి చేరాడు. పూర్వీకుడు చేసిన పనినే వారసుడూ చేస్తున్నాడు, లెక్కలు రాసుకుంటూ మరీ చేస్తున్నాడు. రక్తశాపం 'సరఫరా పని'గా అనిపించడం ఈ కోణంలో దోషం కాదు. ఆ విసుగు కథార్థంలో భాగం. అదే న్యాయం ఉద్యానభవనపు పొడవైన నడకలకు చెల్లదు. వాటి వెనుక ఇటువంటి అర్థమేదీ కనిపించదు.

కడప జిల్లా పాఠకుడికి ఈ కథార్థం పరాయిది కాదు. జమ్మలమడుగుకు సమీపంలో పెన్నా లోయ అంచున గండికోట శిథిలమై నిలిచి ఉన్నది. భవనశిథిలం గతవైభవానికి గుర్తుగానే గాక భయానికి కూడా ఆలంబనం కాగలదని అక్కడికి సాయంవేళ వెళ్లినవారికి చెప్పనక్కరలేదు. అంతకంటే దగ్గరి పోలిక రాయలసీమ కథలో ఉన్నది. ముఠాకక్షల నేపథ్యంతో వచ్చిన కథలలో కొడుకు తండ్రి పగను ఆస్తితోపాటు అందుకుంటాడు. వద్దనుకునే వీలు అతడికి ఉండదు. జమ్మలమడుగు, పులివెందుల వంటి ఊళ్ల పేర్లను ప్రేక్షకజనసామాన్యానికి అలవాటు చేసిన సినిమాలు ఈ వారసత్వాన్ని వీరత్వంగా చూపాయి. కేతు విశ్వనాథరెడ్డి మొదలైన ఈ జిల్లా కథకులు పల్లెబతుకును లోపలి నుంచి, ఆర్భాటం లేకుండా చూశారు. ఆ చూపులో కక్ష అనేది నరుకులాట కంటే ఎక్కువగా ఖర్చు, అప్పు, బీడుపడిన చేను, ఇంటికి రాలేని మనిషి. క్రిమ్సన్ కోర్ట్ రక్తశాపాన్ని పోరాటంగా కాక నిత్యవ్యయంగా నిర్మించింది. ఈ నిర్మాణం సినిమాకు దూరం, కథకు దగ్గర. కాఠిన్యాన్ని మాత్రమే కొలిచే అభిప్రాయాలకు ఈ సామీప్యం అందదు.

ఈ ఆటకు తెలుగు రూపం లేదు. కథనమంతా పూర్వీకుడి గొంతులో, పాతకాలపు సమాసభూయిష్ఠమైన ఆంగ్లంలో సాగుతుంది. పులివెందులలో ఇంజినీరింగ్ కళాశాల, ఇడుపులపాయలో సాంకేతిక విద్యాలయం ఉన్న ఈ ప్రాంతపు యువతరంలో ఇటువంటి ఆటను ఆడేవారికి భాష మరొక కాఠిన్యం. నియమాలు అర్థమవుతాయి, అంకెలు అర్థమవుతాయి; పూర్వీకుడి మాటల్లోని నేరాంగీకారం జారిపోతుంది. అప్పుడు మిగిలేది నియమాల కష్టం ఒక్కటే. ఏ ప్రాంతపు క్రీడాకారుడైనా ఆంగ్లం మాతృభాష కానప్పుడు ఈ నష్టానికి గురవుతాడు కనుక, అభిప్రాయాలను తూచేటప్పుడు విమర్శకుడు దీనిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

అవధానానంతరం

దుర్భాక రాజశేఖర శతావధాని పేరులో శతావధానం బిరుదుగా నిలిచిపోయింది. అయితే సాహిత్యచరిత్ర ఆయనను గుర్తుంచుకున్నది రాణాప్రతాపసింహచరిత్ర కర్తగా. గడియారం వారి విషయంలో శ్రీశివభారతం అదే పని చేసింది. ఇద్దరూ ఓటమి అంచున నిలిచి పోరాడిన వీరుల కథలను ఎన్నుకోవడం, ఇద్దరూ అప్పటికప్పుడు పద్యం చెప్పే అలవాటు నుంచి ఏళ్ల తరబడి ఒకే కావ్యాన్ని మోసే శ్రమకు మారడం పరిశోధకులు ఇంకా తగినంతగా పట్టించుకోని విషయం. అవధానం వారికి ధారను ఇచ్చిందని సాధారణంగా అంటారు. ధారణను కూడా ఇచ్చిందా, అంటే దీర్ఘకావ్యపు భారాన్ని మోసే శక్తి అవధానధారణ నుంచే వచ్చిందా అన్నది ఆ రెండు కావ్యాల నిర్మాణాన్ని ఆశ్వాసాల వారీగా పరిశీలిస్తే తేలవలసిన ప్రశ్న. యుద్ధవర్ణనల మధ్య పూర్వకథను తిరిగి అందుకునే చోట్ల ఆ పరిశీలన మొదలుపెట్టవచ్చు.

క్రీడాకారుడికి ఇటువంటి అనంతరం ఉన్నదా అన్నది మాత్రం తేల్చడం కష్టం. కౌంటెస్ మరణించినప్పుడు వీరులందరి శాపమూ ఒక్కసారిగా తొలగిపోతుంది. అంతవరకు జాగ్రత్తగా దాచిపెట్టిన రక్తం సంచిలో మిగిలిపోయి ఉంటుంది. దానిని అడిగేవారు అప్పటికి ఎవరూ ఉండరు.